మా మేనత్త తాండ్ర, నా ఇంగ్లీషు

ఆ రోజుల్లో మా వైపు లంక ఊళ్ళలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాడికున్న గౌరవం వైద్యుడికీ లేదు, పురోహితుడికీ లేదు. వైద్యుడిచ్చిన మందు పనిచేసిందో లేదో నాలుగు రోజుల్లో తెలిసిపోతుంది. పురోహితుడు పెట్టిన ముహూర్తం సంగతి కాపురం చెబుతుంది. ఇంగ్లీషు వచ్చినవాడు చెప్పింది నిజమో అబద్ధమో తేల్చడానికి మాత్రం ఊళ్ళో ఇంకొకడు ఉండడు. పందొమ్మిదేళ్ళ వయసులో, మెట్రిక్యులేషన్ ఒకసారి తప్పి, రెండోసారి కట్టడానికి మొహం చెల్లక, నేను మా ఊళ్ళో ఆ సింహాసనం మీద కూర్చున్నాను. రాజమండ్రిలో ఒక ఆఫీసులో ఉమేదువారుగా కూడా ఉండేవాణ్ణి. ఉమేదువారంటే జీతం లేకుండా పనిచేస్తూ, ఎవరైనా పోతే ఆ కుర్చీ మనకొస్తుందని ఎదురుచూసేవాడు. (కుర్చీలో ఉన్నవాళ్ళు దగ్గినప్పుడల్లా మాకు కాస్త ఆశ పుట్టేది. పాపమే, కానీ ఆకలి అంతకంటే పెద్ద పాపం.)

ఇప్పుడు చెప్పబోయే కథ నన్నెరిగిన వాళ్ళంతా విన్నదే. పెళ్ళిళ్ళలో చెప్పాను, కాలవ పడవల్లో చెప్పాను, ఆఫీసులో పై అధికారి బాగా ఉన్న రోజున ఆయనకీ చెప్పి నవ్వించాను. "మా మేనత్త తాండ్రకి ఆసుపత్రి మందు పట్టించిన కథ" అని దానికి పేరు. దొర మొహం ఎలా మారిందో చేసి చూపించడంలో నన్ను మించినవాడు లేడని చెప్పుకునేవారు కూడా. ఆ కథలో ఒక్క ముక్క తప్ప అన్నీ నిజాలే. మొన్న కార్తీకంలో మా మేనత్త పోయింది. ఆ ఒక్క ముక్కా సరిచేసి చెప్పడానికి ఇప్పుడు రాస్తున్నాను.

మా మేనత్త అంటే మా నాన్న అక్కగారు. మొగుడు పోయాక మా పక్కింట్లోనే ఉంటూ మామిడి తాండ్ర వేసి బతికేది. ఊరంతా తాండ్రత్త అనేవారు. తాండ్ర వెయ్యడం తెలియనివాళ్ళకి ఒక మాట: ఎండాకాలంలో రసం మామిడిపళ్ళు పిండి, గుడ్డలో వడపోసి, బెల్లం కలిపి, తాటాకు చాపల మీద పల్చగా రాసి ఎండలో పెడతారు. ఆరాక దాని మీద ఇంకో పొర, మర్నాడు ఇంకోటి. వేలి మందం రావడానికి మూడు వారాల ఎండ కావాలి. ద్రాక్షారామం వచ్చిన యాత్రికులు మా అత్త తాండ్ర కోసం మా రేవుకి మనిషిని పంపేవారు. ఆవిడ దగ్గర ఆరుగురు ఆడవాళ్ళు పనిచేసేవారు. వాళ్ళందరికీ పెద్ద, చాపలల్లే ముసలావిడ, చాపల మామ్మ.

మా అత్త పందిట్లో ఒక కట్టుబాటు ఉండేది. రసం మీద మాట పడకూడదు. పళ్ళు పిండటం మొదలుపెట్టిన దగ్గర్నుంచి చాప మీద రాయడం అయ్యేదాకా ఎవ్వరూ నోరు విప్పకూడదు. "మాట పడితే రసం చెడుద్ది" అనేది. ఎందుకని అడిగితే "మా అత్తగారు చెప్పింది" అనేది. అంతకంటే ఆవిడకీ తెలియదు. అందుచేత ఆ పందిట్లో సంభాషణంతా చేతులతోనే. బెల్లం కావాలంటే ఒక సైగ, ఈగ వాలిందంటే ఒక సైగ, నీ మొగుడు నిన్న మళ్ళీ తాగాడంటగా అనడానికి ఇంకో సైగ. పోట్లాటలు కూడా సైగల్లోనే జరిగేవి. బెల్లం కలిపే ఆవిడకీ గుడ్డ పట్టే ఆవిడకీ పడేది కాదు. చేతులు చాలనప్పుడు ఇద్దరూ లేచి, చేతులు కడుక్కుని, పెరటి గుమ్మం దాటి వెళ్ళి, అక్కడ పక్క ఊరికి వినబడేలా తిట్టుకుని, మళ్ళీ చేతులు కడుక్కుని వచ్చి ఎదురెదురుగా మౌనంగా కూర్చునేవారు. ఇంగ్లీషు చదివిన నాకు ఇదంతా పల్లెటూరి చాదస్తంగా కనబడేది.

ఆ ఏడు పుష్కరాలు. జనం లక్షల్లో వస్తారు, కలరా కూడా వాళ్ళ వెంటే వస్తుందని ఆఫీసువాళ్ళకి భయం. అంచేత ఒక కొత్త కాగితం పుట్టింది. పుష్కరాల్లో తినే సరుకు అమ్మేవాళ్ళెవరైనా ముందుగా తమ సరుకు తెచ్చి ఆసుపత్రి దొరకి చూపించాలి. ఆయన బాగుందంటే ముద్ర. ముద్ర లేకపోతే రేవుల్లో అమ్మడానికి వీల్లేదు. సరుకు తయారుచేసే చోట ఎలా ఉండాలో ఆ కాగితంలో పదమూడు షరతులు ఇంగ్లీషులో ఉన్నాయి. మా అత్త ఆ ఏడు పుష్కరాలని నమ్ముకుని, మామూలుకి మూడు రెట్లు పళ్ళు మాట్లాడింది. చుట్టుపక్కల తోటల రసమంతా ఆవిడ చాపల మీదకే రావాలి. ముద్ర పడకపోతే ఆ తాండ్రంతా ఏం చెయ్యాలి? మళ్ళీ పుష్కరాలు పన్నెండేళ్ళకి గాని రావు. "ఒరేయ్ అబ్బాయీ, ఆ కాగితమేంటో చదివి చెప్పరా. ఎలా ఉండమంటే అలా ఉంటాం" అంది. నేను చొక్కా చేతులు పైకి మడిచాను.

నెల రోజులపాటు ఆ ఆడవాళ్ళని నేను పెట్టిన హింస తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. గోడలకి సున్నం వెయ్యాలని కాగితంలో ఉంది. నేను గోడలతో ఆగలేదు. పందిరి గుంజలకి, నూతి చప్టాకి, చివరికి గేదెని కట్టే రాటకి కూడా వేయించాను. గేదె దానికి ఒళ్ళు రుద్దుకుని, వారం రోజులు తెల్లచారలతో ఊళ్ళో తిరిగింది. ఈగలు వాలకుండా సరుకు కప్పాలని ఉంది. పల్చటి గుడ్డ తెచ్చి తడి రసం మీదే కప్పించాను. సాయంత్రం తీస్తే తాండ్ర గుడ్డతో వచ్చింది, చాప చాపలా మిగిలింది. పక్కన ఇంకో చాప మీద రసం రాస్తున్నారు, అంచేత మా అత్త నోరు విప్పడానికి లేదు. గుడ్డని నా ముందు ఎత్తి పట్టుకుని, కాసేపు నన్ను చూసింది. అంతే.

గోళ్ళు తీయించుకోవాలని ఇంకో షరతు. మంగలిని పిలిపించాను. అందరూ తీయించుకున్నారు గాని చాపల మామ్మ చేతులు వెనక్కి దాచేసింది.

"గోళ్ళు తీసేత్తే తాటాకు దేంతో చీల్చమంటారండీ బాబుగారూ? మీ ఇంగిలీసుతో చీలుద్దేటండీ?" అంది.

"దొర తాండ్ర తింటాడు మామ్మా, నీ గోళ్ళు కాదు."

"ఆయన చూసేది గోళ్ళనీ, తినేది తాండ్రనీ అయితే, గోళ్ళున్న చేతులు ఇంట్లో అట్టిపెట్టి తాండ్ర పంపితే పోలా?"

(ఈ ప్రశ్నని పై ఆఫీసుకి పంపాలని నాకు ఇప్పటికీ ఉంది. రెండు పుష్కరాలు దాటిపోయాయి.)

దొర ఏమైనా ప్రశ్నలడిగితే తడబడకూడదని తాలీము కూడా పెట్టాను. మా నాన్న కోటు తొడుక్కుని, గొడుగు చంకలో పెట్టుకుని నేనే దొరనయ్యాను. పందిరి బయట వరసగా నిలబెట్టి ఇంగ్లీషులో అడిగేవాణ్ణి. ఏమడిగినా "ఎస్ సార్" అనమని నేర్పాను. గదులు శుభ్రమేనా? "ఎస్సారూ." నీళ్ళు మంచివేనా? "ఎస్సారూ." ఉత్సాహంలో "ఈ ఇంట్లో ఎవరికైనా కలరా ఉందా?" అని కూడా అడిగేశాను. ఆరుగురూ ఒక్క గొంతుతో "ఎస్సారూ!" అన్నారు. తెలుగులో అర్థం చెప్పాక చాపల మామ్మ నేల మీద కూర్చుండిపోయి నవ్వింది. మా అత్త కూడా కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ ఇంట్లో అలాంటి నవ్వు నేను వినడం అదే చివరిసారి అవుతుందని నాకేం తెలుసు?

ఇక మందు సంగతి. సరుకు తయారుచేసే గది నేలని మందు నీళ్ళతో కడగాలని తొమ్మిదో షరతు. ఆసుపత్రిలో వాడే కార్బాలిక్ మందు అది. ఒక పాలు మందుకి నలభై పాళ్ళు నీళ్ళు. ఆసుపత్రి కంపౌండరుని బతిమాలి ఒక సీసా సంపాదించాను. నేల కడిగించాను. ఇంకా ముప్పావు సీసా మిగిలింది. అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. తాండ్ర నేల మీద ఉండదు కదా, చాప మీద ఉంటుంది. నేలకే మందు పోస్తే, చాపకి ఎంత పొయ్యాలి? నలభై పాళ్ళు కాదు, పది పాళ్ళు నీళ్ళే కలిపి, ఆ ఏటి కొత్త చాపలన్నీ నానబెట్టమన్నాను.

మా అత్త తొట్టి దగ్గరికి వచ్చి వాసన చూసి వెనక్కి తగ్గింది.

"ఏంట్రా ఇది, పాము చచ్చిన వాసన?"

"అదే అత్తా శుభ్రం వాసన."

"మేం చాపలు గోదాట్లో నానేసి ఎండేస్తాం రా. ఎప్పుడూ అంతే. ఇది తాటాకుకి పట్టేస్తే వదలదేమో?"

"ఎండకి ఎగిరిపోతుంది."

ఆవిడ ఒక చాప అంచు పట్టుకుని వేళ్ళతో నలిపి చూసింది. తరవాత నా మొహంలోకి చూసి నెమ్మదిగా అడిగింది. "చాపలకి కూడా పొయ్యమని ఆ కాగితంలో ఉందా?"

లేదు. నేల అని మాత్రమే ఉంది. అప్పటికి నెల రోజులుగా ఆ ఇంట్లో నా మాటకి ఎదురులేదు. "ఉంది" అన్నాను.

"ఉంటే సరే" అని ఆవిడే కొంగు బిగించి చాపలు ముంచింది. ఇన్నేళ్ళూ నేను చెప్పిన కథలో ఈ ప్రశ్న లేదు, ఈ జవాబు లేదు. నా కథలో మా అత్త మిగిలిన మందు వృథా చెయ్యడం ఇష్టంలేక, నాతో చెప్పకుండా, తనే చాపలకి పట్టించేస్తుంది. జనం అక్కడే ఎక్కువ నవ్వుతారు.

మూడు వారాలు బంగారంలాంటి ఎండ కాసింది. పొర మీద పొర పడింది. వాసన తగ్గిందని నేను, తగ్గలేదని చాపల మామ్మ. చివరి పొరల్లో మా అత్త ఏలకులు దంచి వేసింది. అంతకుముందు ఆవిడ ఎప్పుడూ తాండ్రలో ఏలకులు వెయ్యలేదు. ఎందుకు వేస్తున్నావని నేను అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో నాకు తెలుసు.

పరీక్ష రోజున కాలవ పడవ మీద, ధవళేశ్వరం లాకులు దాటి, తాండ్ర బుట్టలన్నీ రాజమండ్రి చేర్చాం. ఆఫీసు ముందు పందిరి కింద బల్ల వేసుకుని దొర కూర్చున్నాడు. మిఠాయిలవాళ్ళు, బెల్లం వాళ్ళు, అటుకుల వాళ్ళు బారుగా నిలబడ్డారు. దొర మాటల్ని తెలుగులో చెప్పే గుమాస్తాకి ఆ పూట జ్వరం. ఉమేదువారుల్లో కాస్త మాట్లాడగలిగినవాణ్ణి నేనే కాబట్టి నన్ను నిలబెట్టారు. పొద్దున్నే దొర నాతో అన్నాడు: పుష్కరాలయ్యాక ఈ శాఖలో ఒక కుర్చీ ఖాళీ అవుతుంది, ఈ రోజు నీ పని చూసి ఆలోచిస్తాను అని. ఆ కుర్చీ వచ్చి నా కళ్ళముందు నిలబడింది. మా అత్త వంతు వచ్చేసరికి అది ఇంకా అక్కడే ఉంది.

మా అత్త ఉతికిన చీర కట్టుకుని, అరిటాకులో ఒక ముక్క పెట్టి, రెండు చేతులా బల్ల మీదకి అందించింది. దొర కొరికాడు. ముందు తీపి తగిలినట్టుంది, మొహం విప్పారి, "గుడ్" అన్నాడు. మా అత్త నేను నేర్పినట్టే "ఎస్సారూ" అంది. ఆ తరవాత దొర దవడలు ఆగిపోయాయి. కనుబొమలు మెల్లగా టోపీ కిందకి వెళ్ళిపోయాయి. మందుల పెట్టె తెరిచి, ఒక సీసా బిరడా తీసి వాసన చూశాడు. తాండ్ర వాసన చూశాడు. మళ్ళీ సీసా, మళ్ళీ తాండ్ర. బారులో ఉన్న మిఠాయి మనిషి ఒకడు పైకే అన్నాడు: "ఏ జబ్బుకండీ ఇది? పూటకి ఎన్ని ముక్కలు?" పందిరంతా గొల్లుమంది.

దొర నవ్వలేదు. ఈ మందు ఇందులోకి ఎలా వచ్చింది, ఎవరు పొయ్యమన్నారు, అని అడగమన్నాడు. అడిగాను.

మా అత్త తడుముకోలేదు. "మావాడు కాగితం చదివి చెప్పాడండి. చాపలకి పొయ్యమని అందులో ఉందన్నాడండి. ఉన్నది ఉన్నట్టు చేశామండి. ఏదైనా పొరపాటుంటే ఎలా చెయ్యాలో చెబితే మళ్ళీ చేసుకుంటామండి" అని, నా వైపు తిరిగి, "చెప్పరా నాయనా" అంది.

నేను దొర వైపు తిరిగి నాకు వచ్చిన మంచి ఇంగ్లీషులో చెప్పాను. ఈవిడ చదువు లేని మనిషి, తనకి ఎవరూ చెప్పలేదట, సొంత తెలివితో చేసిందట, క్షమించమంటోంది, అని. మెట్రిక్యులేషన్‌లో వచ్చి ఉంటే గట్టెక్కేవాణ్ణేమో, అంత తప్పుల్లేని ఇంగ్లీషు. నా వెనక ఇద్దరు గుమాస్తాలున్నారు. వాళ్ళకి రెండు భాషలూ వచ్చు. ఇద్దరూ నేల చూశారు. సాయంత్రం వాళ్ళలో ఒకడు నా భుజం తట్టి, "పైకొస్తావోయ్" అన్నాడు.

"చెప్పావా?" అంది మా అత్త.

"చెప్పానత్తా."

"అంతా చెప్పావా?"

"అంతా."

ఆవిడ దొరకి దణ్ణం పెట్టింది. దొర నా వైపు చూసి, ఇలాంటివాళ్ళ చేతి తిండి జనం తినకూడదు అన్నాడు. దాన్ని నేను తెలుగులో చెప్పలేదు. సరుకు పాడైందట, వదిలెయ్యమంటున్నారు అన్నాను. ఆఫీసు వెనక గొయ్యి తవ్వించి, తాండ్రంతా వేసి, పైన సున్నం చల్లి పూడ్చేశారు. మా అత్త గోతి పక్కనే నిలబడి చివరి బుట్టదాకా చూసింది. పెదవి కదపలేదు. పందిట్లో ఉన్నట్టే ఉంది.

తిరుగు పడవలో సరంగు అడిగాడు, ఏమైందమ్మా అని. "ముద్ర పడలేదు బాబూ. మావాడు మాత్రం దొర ముందు నా కోసం ఎంతసేపు మాట్లాడాడో! చెమటలు పట్టేశాయి పాపం" అంది.

పుష్కరాలయ్యాక నెల తిరక్కుండా నాకు కుర్చీ వచ్చింది. మా అత్తకి పేరు మారింది. తాండ్రత్త పోయి ఆసుపత్రత్త అయింది. మరుసటి ఏడు ఆవిడ తాండ్రని ఉచితంగా ఇచ్చినా ముక్కు దగ్గర పెట్టుకుని చూసి పక్కన పెట్టేవారు. రెండేళ్ళు చూసి, పందిరి తీయించేసి, పక్క ఊళ్ళో వేరేవాళ్ళ పందిట్లో పళ్ళు పిండటానికి వెళ్ళింది. ఆరుగురిలో ఐదుగురు వరికోతలకి పోయారు. చాపల మామ్మ మాత్రం అత్త వెంటే వెళ్ళింది. ఏం జరిగినా మా అత్త నా గురించి చెప్పే మాట మారలేదు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళకి కూడా అదే చెప్పింది: "మావాడు మాట సాయం చేసే మనిషండి."

ఒక్కసారి, ఉద్యోగం వచ్చిన ఏడెనిమిదేళ్ళకి, నిజం చెప్పేద్దామని బయల్దేరాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. ఆ పక్క ఊరి పందిరి దగ్గరికి వెళ్ళేసరికి మా అత్త మోచేతులదాకా రసంతో, గంగాళం ముందు కూర్చుని ఉంది. నన్ను చూడగానే మొహం వెలిగింది. "అత్తా, నీతో ఒక మాట..." అన్నాను. ఆవిడ తడి వేలు పెదవుల మీద పెట్టుకుంది. తరవాత గంగాళం వైపు చూపించి, బయట అరుగు వైపు చూపించి, ఒక గంట ఆగమని సైగ చేసింది. నేను తలూపి బయటికి వచ్చాను. అరుగు మీద కూర్చోలేదు. తిన్నగా రేవుకి వెళ్ళి పడవెక్కాను. ప్రాణం ఎంత తేలికపడిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. ఆవిడ అడ్డుపడబట్టి చెప్పలేకపోయానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను.

మొన్న మా అత్త పోయిన పదకొండో రోజున చాపల మామ్మ వచ్చింది. చూపు ఆనదు, నడుం వంగిపోయింది, గోళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. నా చెయ్యి తడిమి పట్టుకుని, "అంతమందిలో ఆయమ్మ తరపున మాటాడింది నువ్వొక్కడివే కదా బాబూ. పోయేదాకా అదే చెప్పుకుంది" అంది. నలుగురూ విన్నారు. అప్పుడైనా నోరు విప్పి ఉండవలసింది. విప్పలేదు. అందుకే ఇది కాగితం మీద పెడుతున్నాను. చాపల మీద మందు పొయ్యమన్నది నేను. కాగితంలో ఉందన్నది నేను. దొర అడిగినప్పుడు ఆవిడ ఉన్నమాటే చెప్పింది. దాన్ని మార్చింది కూడా నేనే.

ఇప్పుడు గోదావరి మీద రైలు వంతెన వచ్చింది, మా అత్త సరుకు తెచ్చిన కాలవ దారిన వెళ్ళేవాళ్ళు తగ్గారు. నేను అదే శాఖలో పెద్ద గుమాస్తాని. తినే సరుకు అమ్మేవాళ్ళకి వెళ్ళే నోటీసులు తెలుగు చేసేది నేనే. ఈమధ్య పైనుంచి వచ్చిన కొత్త షరతుల్లో ఒకటి చూసి కలం పక్కన పెట్టేశాను. తిండి పదార్థం తయారయ్యేటప్పుడు దాని మీద దగ్గకూడదు, తుమ్మకూడదు, మాట్లాడకూడదని ఉంది. మా మేనత్త వాళ్ళ అత్తగారికి ఇంగ్లీషు రాదు.

ఎండాకాలంలో తాండ్ర పందిళ్ళు చూడటానికి నేనే వెళతాను. నన్ను చూడగానే అక్కడి ఆడవాళ్ళు బెదిరి గప్‌చుప్‌గా ఉండిపోతారు. నేనూ గుమ్మం దగ్గరే ఆగి, చెప్పులు విప్పి, పెదవి విప్పకుండా లోపలికి వెళ్ళి, చాపలు చూసి, వాసన చూసి, చేత్తో బాగుందని సైగ చేసి వచ్చేస్తాను. నా వెంట వచ్చే కుర్ర గుమాస్తాలు దాన్ని పెద్ద హోదా అనుకుంటారు. ఒకడు అచ్చం నాలాగే చెయ్యి ఊపడం నేర్చుకున్నాడట కూడా. నడివయసు మనిషి, కోటు తొడుక్కుని, మామిడిరసం ముందు మూగవాడిలా చేతులాడిస్తూ నిలబడటం మా అత్త చూస్తే కొంగు నోట్లో కుక్కుకునేది. నాకూ నవ్వొస్తుంది. పెదవులు బిగపట్టి, గుమ్మం దాటాక నవ్వుకుంటాను.